యాప్ కొనేముందు ఈసీ తీయరా?



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఆరో అంశం చూసే ఉంటారు. పిల్లల కోసం తెలుగు టైపింగు, తెలుగు చదువు నేర్పే యాప్ ఒకటి బయటి కంపెనీతో చేయించాలని, దానికి భవన నిధి వడ్డీలోంచి డబ్బు తీయాలని ప్రతిపాదన. వాట్సాప్ గ్రూపులో రెండు వారాలుగా దీని మీద బొటనవేళ్ళు, దండాలు తప్ప ఒక్క ప్రశ్న రాలేదు. గ్రంథాలయ ఉపసంఘంలో ఉన్న మేము నలుగురం ఈ అంశం ఇప్పుడున్న రూపంలోనే ఓటుకొస్తే వద్దనే చెయ్యెత్తుతాం. కారణం చెప్పకుండా ఎత్తితే "వీళ్ళెప్పుడూ ఇంతే" అంటారు కనక ముందే రాసిపెడుతున్నాం. పొడుగైంది. టీ పెట్టుకుని కూర్చోండి.

మాకు యాప్ మీద కోపం లేదు. పిల్లలకి తెలుగు రావాలన్న ఆరాటం మాకూ ఉంది. మా అభ్యంతరం ఒకటే. తెలుగు కోసం ఇప్పటికే రాసిన కోడు ప్రపంచంలో ఎవరైనా చూడగలిగేలా బోలెడు పడి ఉంది. అందులో ఏముందో, ఏది పనిచేస్తోందో, ఏది ఎందుకు ఆగిపోయిందో ఒక్కసారి కూడా వెతకకుండా కొత్తది కొనడానికి బయల్దేరాం. మన సంఘంలో దాదాపు ఇంటికొకరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. వైట్‌ఫీల్డులోనో, బెళ్ళందూరులోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీళ్ళు చేసే పనిలో సగం వెతుకులాటే. ఏ ఫైల్లో ఉంది, ఎవరు మార్చారు, ఎప్పుడు చెడింది. అదే చెయ్యి తెలుగు వైపు తిరగదేం?

సాఫ్ట్‌వేర్ సంగతి తెలియని పెద్దల కోసం ఒక పోలిక. బెంగళూరులో సైటు కొనాలంటే ఏం చేస్తాం? ఇల్లు బాగుంది, గాలి వస్తోంది, బోరులో నీళ్ళున్నాయి అని అడ్వాన్సు ఇచ్చేస్తామా? ఖాతా ఎవరి పేరున ఉంది, మదర్ డీడ్ చూపించండి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ముప్పై ఏళ్ళ ఈసీ తెప్పించండి అంటాం. ఆ స్థలం ఎప్పుడు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందో, ఎక్కడ తాకట్టు పడిందో ఈసీలో వరసగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఈసీ పని చేసేది రిపాజిటరీ. అది కోడు ఫైళ్ళు దాచుకునే బీరువా మాత్రమే కాదు. ఏ రోజున ఎవరు ఏ వరస తీసి ఏ వరస పెట్టారు, ఎందుకు పెట్టారు అని రాసిన చీటీ కూడా అందులోనే ఉంటుంది. ఆ ఒక్కో మార్పునీ కమిట్ అంటారు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్. లినక్స్ వాళ్ళు అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయేసరికి, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ కూర్చుని దీన్ని రాశాడు. అందుకే లినక్స్ ముఖ్య రిపాజిటరీ చరిత్ర ఆ ఏప్రిల్‌తోనే మొదలవుతుంది. అంతకు ముందుది కావాలంటే వేరేచోట వెతుక్కోవాలి. ఈసీలోనూ ఇంతే కదా, కంప్యూటర్‌లోకి ఎక్కకముందువి పాత దస్తావేజు పుస్తకాల్లో వెతికించుకోవాలి.

వెతకడం రెండు రకాలు, ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది సగంలో వదిలేస్తారు. ఒకటి, ఇప్పుడు ఏది ఎక్కడుంది అన్నది. గిట్ గ్రెప్ అని కొట్టి మాట ఇస్తే ఉన్న ఫైళ్ళన్నీ గాలించి చూపిస్తుంది. రెండోది, ఇది ఇలా ఎప్పుడైంది, ఎందుకైంది అన్నది. దీనికి ఉన్న ఫైళ్ళు చాలవు, చరిత్ర తవ్వాలి. గిట్ లాగ్ పక్కన మైనస్, పెద్ద ఎస్, ఆ తర్వాత మాట పెడితే, ఆ మాట ఏ కమిట్‌లో వచ్చి చేరింది, ఏ కమిట్‌లో పోయింది అవే ఏరి ఇస్తుంది. దాన్ని వాళ్ళు పికాక్స్ అంటారు, మనం పలుగు అనుకోవచ్చు. మాట అదే ఫైల్లో ఒకచోటు నుంచి ఇంకోచోటికి జరిగితే మాత్రం ఈ పలుగుకి తగలదు, లెక్క మారలేదు కనక. అప్పుడు పెద్ద జి వాడాలి. ఒక్కో వరసా చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చూపించే ఆదేశానికి బ్లేమ్ అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గాని మన కమిటీ మీటింగులు చూసే పెట్టి ఉండాలి. నిజానికి దాని ఉపయోగం తిట్టడానికి కాదు, ఆ మనిషి రాసిన చీటీ దగ్గరకి చేరడానికి.

ఇదంతా తెలుగుకేం సంబంధం అంటారా? 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం పంపిస్తే ఫోను మెసేజీల యాప్ కుప్పకూలేది. వాట్సాప్, జీమెయిల్ కూడా కొన్నిట్లో పడిపోయాయి. అక్షరం "జ్ఞా". మామూలుగా "జ్ఞానం" అని కొడితే ఏమీ కాదు. ఞ వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది పడితే ఆపిల్ అక్షరాలు పేర్చే కోడు తడబడేది. ఊరంతా నవ్వింది. టీవీల్లో "ఐఫోన్‌ని చంపే తెలుగు అక్షరం" అని ఊదరగొట్టారు. మన గ్రూపుల్లోనూ దాన్ని ఒకరికొకరు పంపుకున్నవాళ్ళున్నారు, పేర్లు చెప్పం.

కాని అసలు ఏం జరిగిందో వివరంగా విప్పి రాసింది ఎవరు? అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్. ఆపిల్ కోడు ఆయనకీ కనపడదు. కాబట్టి బయట నుంచే ఒక్కో హల్లు, ఒక్కో వత్తు, ఒక్కో గుణింతం మార్చి మార్చి చూసి, ఏ అమరిక పడితే చెడుతోందో సూత్రం పట్టుకున్నాడు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా అలాంటి అమరికలున్నాయని తేల్చాడు. డాక్టరు ఎక్స్‌రే లేకుండా పొట్ట మీద తట్టి చెప్పడం లాంటిది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, పీడ పోయింది. లోపల ఏ వరస మార్చారో మనకి చూసే దారి లేదు. కోట్లమంది మాట్లాడే భాషలోని అక్షరం విషయంలో మనం చేయగలిగింది అప్‌డేట్ కోసం ఎదురుచూడటం.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో తెలుగు వత్తులనీ గుణింతాలనీ వాటి చోట కూర్చోబెట్టే లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. దాని కోడు అంతా బయటే ఉంది. భారతీయ లిపుల కోసం అందులో ఒక ఫైలుంది. ఆ ఫైల్లో ఒక పట్టిక. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడ, మలయాళం, ఒక్కో లిపికి ఒక్కో వరస. తెలుగు వరసా, కన్నడ వరసా పక్కపక్కనే ఉంటాయి. లిపి పేరు, పొల్లు సంఖ్య తీసేస్తే ఆ రెండు వరసలకీ తేడా ఒక్క మాట. రేఫ ఎలా ఏర్పడాలి అన్నచోట కన్నడకి "ఇంప్లిసిట్" అని, తెలుగుకి "ఎక్స్‌ప్లిసిట్" అని ఉంటుంది.

ఆ ఒక్క మాటలో ఏముందో బెంగళూరు తెలుగువాళ్ళకి చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేం. కన్నడ బోర్డులు చదవడం మొదలెట్టిన కొత్తలో మనమంతా తడబడేది అర్కావత్తు దగ్గరే కదా. "మార్గ" అన్న మాటలో ర ముందు పలుకుతాం, కాని రాతలో గ తర్వాత తొమ్మిది అంకె లాంటి గుర్తు వస్తుంది. కన్నడలో రకార పొల్లు తర్వాత హల్లు వస్తే అది దానంతటదే అర్కావత్తు అవుతుంది. మనకీ అలాంటిదే ఉండేది, వలపలగిలక. పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, ఇప్పుడు దాదాపు పోయింది. అందుకే తెలుగులో అది కావాలంటే కంటికి కనపడని జాయినర్ గుర్తు పెట్టి ప్రత్యేకంగా అడగాలి, అడగకపోతే మామూలుగా ర కింద వత్తు వస్తుంది. అక్కచెల్లెళ్ళ లాంటి రెండు లిపులు ఎక్కడ దారులు మార్చుకున్నాయో ఆ కోడులో ఒకే మాటగా నిలిచి ఉంది. ఆ మాట అటూ ఇటూ అయితే ప్రపంచంలోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో "ధర్మం", "కర్నూలు" రూపాలు మారిపోతాయి. దాన్ని తెలుగు తెలిసినవాళ్ళు ఎంతమంది తెరిచి చూశారు?

ఆ ఫైలు వెతకబోతే ఒక చిక్కు వస్తుంది. కొన్నేళ్ళ క్రితం దాని పేరు మార్చారు. పాత వ్యాసాల్లో ఉన్న పేరుతో వెతికితే దొరకదు. ఫైలు చరిత్ర అడిగితే పేరు మారిన రోజుతో ఆగిపోతుంది, అంతకు ముందు ఏమీ లేనట్టే కనిపిస్తుంది. ఫాలో అనే మాట తగిలిస్తేనే పాత పేరు కిందికి కూడా వెళ్తుంది. ఇది పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన మనిషి పదో తరగతి సర్టిఫికెట్ వెతకడం లాంటిది. తెలిస్తే ఒక నిమిషం, తెలియకపోతే "రికార్డు లేదు" అని వెనక్కి వస్తాం. గిట్‌హబ్ వెబ్‌సైటులో వెతికితే ఇంకో మెలిక ఉంది. కోడు వెతకాలంటే లాగిన్ కావాలి, అయినా ముఖ్య బ్రాంచిలో ఉన్నదే వెతుకుతుంది. వేరే బ్రాంచిలో ఎవరో తెలుగు కోసం సగం చేసి వదిలేసిన పని ఉంటే అక్కడ తేలదు. "వెతికాం, లేదు" అని యాప్ ప్రతిపాదనలో రాసిన వాక్యం వెనక ఎలాంటి వెతుకులాట జరిగిందో సమావేశంలో తప్పకుండా అడుగుతాం.

తెలుగు మాటలే వెతకబోతే చిక్కులు ఇంకా ఉన్నాయి, ఇవి ఇంగ్లీషు వాళ్ళకి లేనివి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటే తీసుకోండి. ట పొల్లు విడిగా నిలబడాలని మధ్యలో పైన చెప్పిన కనపడని గుర్తు పెడతాం. కొందరు పెట్టరు, అప్పుడు ట కింద వ వత్తు వస్తుంది. ఒకరు ఒకలా రాసిన ఫైల్లో ఇంకొకరు రెండోలా వెతికితే సున్నా ఫలితాలు. కళ్ళ ముందు మాట ఉంటుంది, కంప్యూటరు లేదంటుంది. ఐత్వం ఇంకో గమ్మత్తు. "సైన్యం"లోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వం ఒకటి కిందనున్న కొమ్ము ఒకటి అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్రమాణం ప్రకారం రెండూ ఒకటే, కాని అక్షరం అక్షరం పోల్చే వెతుకుడు యంత్రానికి వేరు. ఇక కంప్యూటర్, కంప్యూటరు, సంబంధం, సమ్బంధం సరేసరి. అనుభవం మీద మేము చెప్పే ఉపాయం, తెలుగు మాటతో కాక దాని పక్కనున్న ఇంగ్లీషు మూలవాక్యంతో వెతకండి, లేదా మాటలో పొల్లు లేని ముక్క ఒకటి తీసుకుని వెతకండి.

మూలవాక్యం అంటే గుర్తొచ్చింది. మన సభ్యుల్లో ఒక పెద్దాయన తన ల్యాప్‌టాప్‌లో లినక్స్ తెలుగులో పెట్టుకున్నారు. ప్రతి కొత్త వెర్షనుకీ మెనూలో కొన్ని తెలుగు మాటలు పోయి ఇంగ్లీషు వస్తోందని, ఎవరో కావాలనే తెలుగు తీసేస్తున్నారని ఆయన అనుమానం. అందులో కుట్ర లేదు. గ్నోమ్ లాంటి వాటిలో తెలుగు అనువాదాలు పీఓ అనే రకం ఫైళ్ళలో ఉంటాయి, ఒక్కో ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు. అసలు ప్రోగ్రాములో ఎవరో ఇంగ్లీషు వాక్యాన్ని కాస్త మార్చారనుకోండి, ఒక కామా అయినా సరే. పాత తెలుగు వాక్యం పక్కన "ఫజీ" అని గుర్తు పడుతుంది. అంటే ఎవరైనా తెలుగు మనిషి వచ్చి ఇది ఇప్పటికీ సరిపోతుందని ఒప్పుకునేదాకా దాన్ని తెర మీద చూపించరు. అనువాదం ఎక్కడికీ పోలేదు, ఫైల్లోనే ఉంది, సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఎవరో ఎన్నో రాత్రులు కూర్చుని చేసిన పని అలా మూలపడి ఉంది. తెలుగు పీఓ ఫైల్లో "ఫజీ" అన్న మాట వెతికితే అలాంటివన్నీ వరసగా బయటపడతాయి. సాయంత్రం ఒకటి కూర్చుంటే యాభై తేల్చవచ్చు. ఇందుకు ప్రోగ్రామింగు కూడా అక్కర్లేదు, మంచి తెలుగు వస్తే చాలు. మన సంఘంలో రిటైరైన తెలుగు మాస్టార్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

అలాగే ఫోన్లలో తెలుగు నెలల పేర్లు, వారాల పొట్టి పేర్లు, తేదీ రాసే తీరు, ఇవి ఒక్కో కంపెనీ విడివిడిగా పెట్టుకోవు. యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్ అనే భాండారంలో తెలుగు కోసం ఉన్న ఫైలు నుంచి ఎక్కువమంది తీసుకుంటారు. అందులో నచ్చని మాట ఉంటే మార్చమని అడిగే పద్ధతి ఉంది, ఓట్లు వేసే పద్ధతి కూడా ఉంది. ఓటు అంటే మన సంఘానికి మహా ఇష్టం కదా.

"ఇది సంఘం పనేనా, ఉగాది చేసుకుందాం, బతుకమ్మ ఆడుకుందాం, కవి సమ్మేళనం పెట్టుకుందాం, కోడు ఎందుకు" అని ఒక పెద్దాయన ఫోనులో అన్నారు. ఆయనకి మేము చూపించింది గూగుల్ ఫాంట్ల రిపాజిటరీ. అందులో స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్ల సంచి ఒకటుంది. పేర్లు వెతుక్కుంటూ వెళ్ళండి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. ఎనిమిదిమందీ ఉన్నారు, పైన శ్రీకృష్ణదేవరాయలు కూడా. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఎక్కడెక్కడో విడిపోయి, ఎవరెవరి ఫాంట్ల మధ్యనో కూర్చున్నారు గాని, భువన విజయం మొత్తం అక్కడుంది. వీటిని వెలుగులోకి తెచ్చింది కాలిఫోర్నియాలో మొదలైన మనలాంటి తెలుగు సంఘం, సిలికానాంధ్ర. ఇప్పుడు మనం ఉగాది కరపత్రానికి వాడే ఫాంటు కూడా అందులోదే. సంఘాలు ఈ పని చేయగలవా అన్న ప్రశ్నకి పదేళ్ళ కిందటే జవాబు వచ్చింది.

పక్కింటి మలయాళీలని చూస్తే ఇంకా కుళ్ళు పుడుతుంది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అని ఇరవయ్యేళ్ళకి పైగా స్వచ్ఛందంగా నడుస్తోంది. ఫాంట్లు చేశారు, వాటి మార్పుల చరిత్ర అంతా బయట పెట్టారు, వాళ్ళ మధ్యనుంచి వచ్చిన ఇండిక్ కీబోర్డు ఆండ్రాయిడ్‌లో తెలుగు కూడా టైపు చేయనిస్తుంది. అంటే మనం డబ్బు పెట్టి చేయించబోతున్న టైపింగు సగభాగం ఆ కోడులో ఇప్పటికే ఉంది, తీసుకుని మెరుగుపరుచుకోండి అని తలుపు తీసి ఉంది. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చారు. ప్రతిపాదనలో వీటిలో ఒక్క పేరూ లేదు.

కుర్రవాళ్ళు కొందరు ఇంకో మాట అన్నారు. ఇప్పుడు గిట్ ఆదేశాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంకుల్, ఏఐని అడిగితే ఏ ఫైల్లో ఏముందో అదే చెప్తుంది అని. అడగండి, మేమూ అడుగుతాం. దారి చూపించడంలో దానికి సాటి లేదు. కాని అది చెప్పిన కమిట్ నిజంగా ఉందా, ఆ రోజున ఆ మార్పు జరిగిందా అన్నది రిపాజిటరీలో కళ్ళతో చూసుకోవాల్సిందే. బ్రోకరు చెప్పాడని ఈసీ మానేస్తామా? ఆ మాటకొస్తే రిపాజిటరీ చూసినా కొన్నిసార్లు చాలదు. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగతలుపు బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మిషన్లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని లాగితే డొంకంతా కదిలింది. ఆ కుట్రలో ఒక ముఖ్యమైన ముక్క గిట్ చరిత్రలో లేనే లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. రిపాజిటరీలో ఉన్నదీ, మన చేతికిచ్చిందీ ఒకటేనా అని పోల్చి చూడటం కూడా వెతుకులాటలో భాగమే.

కొత్త యాప్ మీద మా భయానికి ఇంకో కారణం ఇంట్లోనే ఉంది. మన సభ్యుల డైరెక్టరీ యాప్. చేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. చివర్లో వాళ్ళు మన చేతిలో పెట్టింది ఒక జిప్ ఫైలు. చరిత్ర లేదు, చీటీలు లేవు. తర్వాత కొందరికి పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు వెళ్తున్నాయని ఫిర్యాదులొచ్చాయి. ముందురోజు శుభాకాంక్షలు చెప్తే ఆయుక్షీణం అని ఒక బామ్మగారు ఎంత బాధపడ్డారో. మన కుర్రాళ్ళు ఇద్దరు మూడు ఆదివారాలు కూర్చుంటే ఒకచోట ఐదున్నర గంటలు తీసేస్తున్న వరస దొరికింది. అది ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. తీసేస్తే ఇంకేం చెడుతుందో తెలియదు. చరిత్ర ఉండి ఉంటే బైసెక్ట్ అనే పద్ధతి ఉంది, మార్పుల వరసని సగానికి సగం కోసుకుంటూ పోవడం. వెయ్యి మార్పులున్నా పదిసార్లు పరీక్షిస్తే తప్పు వచ్చిన రోజు దొరుకుతుంది. జిప్‌లో ఏం కోస్తాం? తాళాలిచ్చి కాగితాలివ్వని ఇల్లు అది.

ప్రభుత్వాల దగ్గరా ఈ సగం చూపించే అలవాటుంది. కరోనా కాలంలో ఆరోగ్య సేతు ఏప్రిల్‌లో వచ్చింది, ఆండ్రాయిడ్ కోడు 2020 మే 26న బయట పెట్టారు. మంచిదే. కాని సమాచారం వెళ్ళి చేరే సర్వరు వైపు కోడు అందులో లేదు. అప్పుడు అడిగినవాళ్ళలో బెంగళూరు వాళ్ళు చాలామంది ఉన్నారు. దేశాన్ని అడిగినవాళ్ళం మన వెండరుని అడగలేమా?

అడగకపోతే ఏమవుతుందో కూడా చూశాం. ఒకప్పుడు తెలుగు కోసం పనిచేసినవాళ్ళు చాలామంది తమ కోడు గూగుల్ కోడ్‌లో పెట్టుకునేవారు. అది 2016 జనవరిలో మూతపడింది. ఈ తరానికి తెలియదు గాని, ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి, ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే పొడిగింపు రాశారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా పొడిగింపులన్నీ ఒక్కసారే పనిచేయడం మానేశాయి. కాని ఏ పత్రిక ఫాంటులో ఏ అక్షరం ఏ అంకె దగ్గర ఉందన్న పట్టికలకి విలువ పోలేదు. ఆనాటి పేజీలు ఎవరైనా దాచి ఉంటే వాటిని చదవడానికి అవే తాళంచెవులు. ఇలాంటి పాత కోడు వెతకడానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండారం ఉంది, ఫ్రాన్సులోని ఇన్‌రియా 2016లో మొదలుపెట్టింది. మూతపడిన చోట్ల నుంచి కూడా కోడుని చరిత్రతో సహా ఎత్తి దాస్తున్నారు. మన తెలుగు పనిముట్లలో ఏవి అందులో ఉన్నాయి, ఏవి లేవు అన్న లెక్క తీయడం ఒక్కటే చాలు, సంఘం పేరు నిలబడటానికి.

కాబట్టి ఆరో అంశానికి మేము ఇవ్వబోయే సవరణ ఇది. యాప్ నిర్ణయం మూడు నెలలు వాయిదా. ఈలోగా రెండో శనివారం, నాలుగో శనివారం సాయంత్రాలు గ్రంథాలయం హాల్లో కూర్చుని వెతుకుదాం. మొదటిరోజు పని ముందే చెప్తున్నాం. ఇండిక్ కీబోర్డు రిపాజిటరీలో తెలుగు కోసం ఏమేం ఉన్నాయి, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు. గ్నోమ్ తెలుగు ఫైళ్ళలో ఫజీ లెక్క ఎంత. సీఎల్‌డీఆర్ తెలుగు ఫైల్లో మన మాస్టార్లకి నచ్చని మాటలు ఏవి. దొరికినదంతా గ్రూపులో పెడతాం. అదంతా చూశాక కూడా కొత్త యాప్ కావాలని మెజారిటీ అనుకుంటే మేమూ చెయ్యెత్తుతాం. కాని ఒప్పందంలో ఒక షరతు ఉండాలి. మొదటి రోజు నుంచి కోడు సంఘం ఖాతాలోని రిపాజిటరీలోనే పెరగాలి, ప్రతి కమిట్‌కీ ఎందుకు అన్న చీటీ ఉండాలి, చివరి వాయిదా డబ్బు మన కుర్రాళ్ళు ఆ రిపాజిటరీ నుంచే యాప్ తయారుచేసి నడిపి చూశాకే ఇవ్వాలి. జిప్ ఫైలు పుచ్చుకునేది లేదు.

శనివారం ఐదు గంటలకి మొదలు. ప్రోగ్రామింగు రానివాళ్ళు కూడా రండి, ఫజీలు తేల్చేది మీరే. హాల్లో ప్లగ్ పాయింట్లు నాలుగే ఉన్నాయి, అందులో ఒకటి ఫ్యానుది. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉన్నవాళ్ళు పట్టుకురండి.